విద్యార్థి కాయకము – శరణుల ఆసరా

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



కళాశాలలు తెరచు దినములు సమీపించినవనిన మన ఇండ్లలో ఒక సందడియు, దాని వెంబడి ఒక దిగులును ప్రవేశించును. జహీరాబాదు, నారాయణఖేడు, తాండూరు, ఆదోని ప్రాంతముల పల్లెలనుండి పిల్లలు హైదరాబాదునకో, కర్నూలునకో, కలబురగికో బయలుదేరుదురు. తల్లి ఎండురొట్టెలును, వేరుసెనగ పొడియు మూట గట్టును. తండ్రి బస్సు కదలుటకు ముందు ఒక్క మాట చెప్పును: “నాయనా, ఎవరి ఎదుటను చేయి చాపకుము.”

ఇది మన ధర్మమునుండి పుట్టిన మాటయే. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుల చుట్టును చేరిన శరణులలో కూర్చుండి తినువాడు లేడు. బట్టలుతుకు మాచయ్య, త్రాళ్లు పేను చందయ్య, కట్టెలమ్ము మారయ్య, ఎవరి కాయకము వారిది. రెక్కల కష్టముతో వచ్చినదానినే గురులింగజంగములకు అర్పించి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించిరి. అట్టి వారి బిడ్డలమని చెప్పుకొను మనము పరులను యాచింపరాదని పిల్లలకు బోధించుట ఉచితమే.

అయితే ఆ మాట పిల్లవాని మనస్సులో ఏ అర్థమున నాటుకొనుచున్నదో ఆలోచింపవలసియున్నది. పాఠము బోధపడక పోయినను లేచి అడుగడు. చేయి చాపినట్లగునని భయము. భోజనశాల బాకీ పెరిగినచో ఒక పూట మానివేయునే గాని ఇంటికి తెలుపడు. రెండు పరీక్షలలో తప్పినచో ఆ సంగతి గుండెలోనే దాచుకొనును. ఇదియంతయు ఆత్మగౌరవమని అతని నమ్మకము. ఉపాధ్యాయ వృత్తిలో నున్న వారందరు ఎరిగిన విషయమొకటి కలదు. తెలివి చాలక వెనుకబడు విద్యార్థులు కొందరే. నోరు తెరచి అడుగలేక వెనుకబడువారే అధికము. శరణధర్మము పేర మనము చెప్పు ఒక్క మాట ఈ మౌనమునకు కారణమగుచున్నచో, ఆ మాట అర్థమును మనము మరల విప్పి చెప్పవలెను.

ముందుగా బసవేశ్వరుల విద్యార్థిదశనే చూతము. పాల్కురికి సోమనాథుడు తన ద్విపద బసవపురాణమున ఈ కథను తెలుగువారికి అందించినాడు. మండెగ మాదిరాజునకు, మాదాంబకు జన్మించిన బసవన్న ఉపనయన వయసు రాగానే ఆ కర్మమును నిరాకరించి, తండ్రితో వాదించి, పుట్టినింటిని విడిచెను. ఇంతవరకు మనమందరము సభలలో ఉత్సాహముతో చెప్పుదుము. బాలుడు ఇల్లు విడిచినాడు, ఎంత ధైర్యము, అని చప్పట్లు కొట్టుదుము. ఆ బాలుడు ఒంటరిగా వెళ్లలేదను సంగతిని మాత్రము త్వరగా దాటిపోవుదుము. అక్క నాగమ్మ వెంట నడచినది. ఆమె తోడుగా బసవన్న సంగమేశ్వరుని సన్నిధికి చేరెను. కృష్ణా మలప్రభలు కలియు ఆ కూడలసంగమమే ఆయనకు గురుకులమైనది. కన్నడ సంప్రదాయమున జాతవేదమునియను గురువు పేరు వినవచ్చును. మేనమామయైన బలదేవ దండనాయకుడు ఆదరించి తన కుమార్తెను ఇచ్చి వివాహము చేసెను. ఆ పిమ్మటనే బిజ్జలుని కొలువు, భండారము, మహామంత్రిత్వము.

తోడు వచ్చిన అక్క, నేర్పిన గురువు, నిలబెట్టిన మామ. ఈ మూడు చేతులను పట్టుకొనియే బసవన్న బసవేశ్వరుడైనాడు. ఆ చేతులను పట్టుకొనుట ఆయనకు చిన్నతనమైనదని ఏ పురాణకర్తయు వ్రాయలేదు. మన ఇంటి పిల్లవానికి మాత్రము ఒంటరిగా గెలిచినవాడే వీరుడని ఏల చెప్పవలెను?

ఇక యాచన మాట. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము మీ అందరికిని తెలిసినదే అయినను, విద్యార్థి కన్నులతో దానిని మరల చూడవలసియున్నది. మారయ్య కాయకము బసవేశ్వరుల మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరుట. అతడు తెచ్చిన గింజలను లక్కమ్మ వండి జంగమ దాసోహము చేయును. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తెచ్చినాడు. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఏల తెచ్చితివి, ఇది మన మనస్సు కోరినదా, బసవన్న మనస్సు పెట్టినదా అని నిలదీసి, ఎక్కువైన బియ్యమును ఎక్కడనుండి తెచ్చెనో అక్కడనే పోసి రమ్మని పంపినది.

ఈ కథను మనము ‘ఆశ వలదు’ అను నీతికి మాత్రమే వాడుకొనుచున్నాము. అంతకంటె లోతైన మాట ఇందులో దాగియున్నది. లక్కమ్మ తిరుగ పంపినది అదనపు బియ్యమును మాత్రమే. బసవన్న ముంగిటికే వెళ్లవలదని ఆమె భర్తను ఆపలేదు. ఆ ముంగిలి లేనిచో వారి దాసోహమే లేదు. మారయ్య వంగి గింజలను ఏరినాడు. అది అతని కాయకము. గింజలు అచ్చట రాలియుండుట సంఘముయొక్క ఐశ్వర్యము. ఆ రెండును కలిసిననే పొయ్యి మీద కుండ ఎక్కినది. ఎంత అవసరమో అంతకు మించి తీసికొనకపోవుట లక్కమ్మ పెట్టిన హద్దు.

విద్యార్థులారా, ఈ కొలత మీ చేతనున్నచో ఎక్కడ అడుగవలెనో, ఎక్కడ ఆగవలెనో మీకే తెలియును. పాఠము ముగిసిన పిదప అధ్యాపకుని వద్దకు వెళ్లి ‘ఈ లెక్క మూడవ మెట్టు నుండి నాకు బోధపడలేదు’ అని చెప్పుట గింజలను ఏరుటయే. ఏ మెట్టునుండి తెలియలేదో కనుగొనుటకు మీరు ముందుగా కూర్చుండి శ్రమపడియుండవలెను గదా. ఆ శ్రమ మీ కాయకము. ఏ శ్రమయు పడక, పరీక్ష ముందటి రాత్రి మిత్రుని పుస్తకమును ఎత్తి వ్రాసికొనుట మాత్రము యాచనయే, ఇంకను గట్టిగా చెప్పవలెనన్న చౌర్యమే. ప్రభుత్వము ఇచ్చు ఉపకారవేతనమునకు అర్హత యున్నచో సకాలమున ఆదాయ ధ్రువపత్రమును తెచ్చుకొని దరఖాస్తు చేయుడు; గడువు దాటినదని పిమ్మట విచారించి ఫలము లేదు. అది ఎవరి దయయు కాదు. అక్కర లేని ఇంటివాడు తప్పుడు పత్రముతో దానిని పొందినచో లక్కమ్మ గుమ్మము ముందు నిలిచి సమాధానము చెప్పవలసినవాడు వాడే.

అప్పుల విషయమున ఒక హెచ్చరిక. బ్యాంకు ఇచ్చు విద్యాఋణము ఒక పద్ధతి ప్రకారము నడచును. చదువు ముగిసిన పిదప తీర్చు వ్యవధి అందులో ఉండును. 2015లో ఏర్పడిన విద్యాలక్ష్మి ద్వారా ఇంటినుండియే దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఇది వేరు, సెల్‌ఫోనులో నిమిషములలో రుణమిచ్చు యాప్‌లు వేరు. ఐదువేలకై వాటిని నమ్మి, వడ్డీమీద వడ్డీ కట్టలేక, ఫోనులోని పేర్లన్నింటికిని బెదిరింపులు పోవుచుండగా తలదాచుకొను పిల్లలున్నారు. ఇంటిలో తండ్రిని అడుగుటకు సిగ్గుపడి ముఖము తెలియనివాని ఎదుట చేయి చాపుట! సంకోచము ఎచ్చటికి కొనిపోవునో చూచితిరా? తండ్రి వద్ద లేకపోవచ్చును. లేదని తెలిసినను అడుగుడు. ఇద్దరు కలిసి ఆలోచించినచో మూడవ దారి కనబడును.

చదువును కాయకమని పేరుకు మాత్రమే అనుట కాదు. కాయకమునకు వేళ ఉండును, కొలత ఉండును, ఒకనాడు చేసి ఒకనాడు మానుట ఉండదు. మాచయ్య మడుగునకు వెళ్లని దినమున శరణులకు మడిబట్ట లేదు. మన పిల్లలలో అధికులు తెలుగులోనో కన్నడములోనో పదవ తరగతి వరకు చదివి, కళాశాలలో ఒక్కమారుగా ఇంగ్లీషు పాఠమున పడుదురు. మొదటి ఆరు మాసములు చెవిలో పడిన మాట మనస్సునకు చేరదు. ఈ ఆరు మాసములే ప్రాణాపాయమైన రేవు. ఇచ్చట మునిగినవాడు తాను తెలివిలేనివాడనుకొనును. నిజమునకు ఆ భాషలో ఇంకను ఈతకొట్టుట నేర్వనివాడు మాత్రమే. రేపటి పాఠమును నేటి రాత్రియే ఒకమారు చదువుకొని, తెలియని పదములు పదియో పండ్రెండో వ్రాసికొని, వాని అర్థము తన భాషలో ప్రక్కన వ్రాసికొనువాడు రెండవ సెమిస్టరు నాటికి గట్టు చేరును. ముందు వరుసలో కూర్చుండవలెను. హాజరు విషయమున అలక్ష్యము కూడదు. అనేక విశ్వవిద్యాలయములలో నూటికి డెబ్బదియైదు పాళ్లు లేనిదే పరీక్షకు కూర్చుండనీయరు. ఇవి చిన్న మాటలే.

ప్రశ్నించుట మన మతమున అవమానము కాదు. అల్లమప్రభువు అధ్యక్షుడుగా సాగిన అనుభవమంటపము ప్రశ్నలతో కట్టిన మంటపము. ఉడుతడినుండి ఏ అండయు లేక నడచి కల్యాణము చేరిన మహాదేవిని అల్లముడు ఎంత కఠినముగా ప్రశ్నించెను! ఆమె తడబడక ఉత్తరమిచ్చినది. ఆ గోష్ఠి ముగియునప్పటికి, వయసున చిన్నదైనను, ఆమె అందరికిని అక్క అయినది. ప్రశ్నించినవాడు శత్రువు కాలేదు, ప్రశ్నింపబడినది చులకన కాలేదు. వసతిగృహమున నలుగురు మిత్రులు వారమునకు రెండు సాయంకాలములు చేరి, ఒకరు చెప్పగా ముగ్గురు ప్రశ్నించు అలవాటు చేసికొన్నచో అదియొక చిన్న అనుభవమంటపమే. చెప్పువానికే ఎక్కువ లాభము కలుగునని పాఠము చెప్పి బ్రతుకు మావంటి వారికి బాగుగ తెలియును.

వసతిగృహమున లింగధారణ మాట. క్రొత్త చోట నలుగురు నవ్వుదురని లింగకాయను తీసి పెట్టెలో దాచు పిల్లలున్నారు. వారిని కోపపడి లాభము లేదు. మెడలోనిది ఏమని మిత్రుడు అడిగినప్పుడు చెప్పుటకు రెండు వాక్యములు మనము వారికి నేర్పియుండవలెను. గుడి ఎక్కడనో లేదు, నా అరచేతిలోనికి వచ్చినది. నన్నును నిన్నును తక్కువ చేయు హక్కు ఎవ్వరికిని లేదని చెప్పుటకే ఇది వచ్చినది. ఇంత చెప్పగలిగిన పిల్లవానిని చూచి ఎవరును నవ్వరు. ఉదయము పదిహేను నిమిషములు కరస్థలమున లింగమును నిలిపి చూపును ఒకచోట నిలుపుట అలవాటైనవానికి పుస్తకముమీద చూపు నిలుపుట కొంత సులభమగును. పూజ చేసినవానికి మార్కులు వచ్చునని మాత్రము ఎవరైన చెప్పినచో నమ్మవలదు. అది లింగముతో బేరమాడుట.

ఇప్పుడు అందరికంటె ముఖ్యమైన మాట. తప్పిన పరీక్ష, తగ్గిన ర్యాంకు, రాని సీటు – వీటిని ప్రాణమునకు వెలగట్టు కాలమున మన పిల్లలు బ్రతుకుచున్నారు. ఫలితములు వెలువడు దినములలో పత్రికను తెరచుటకు చేయి వణకుచున్నది. శరణులు శరీరమును గుడిగా భావించిరి. కట్టినవాడు వేరొకడుండగా దానిని కూల్చు హక్కు అందులో పూజారిగా నున్నవానికి లేదు. ఈ మాటను ఆ కష్టములో నున్న బిడ్డకు ఉపన్యాసముగా చెప్పరాదు. వాని ప్రక్కన కూర్చుండి వినవలెను. నిద్ర పట్టుట లేదు, ఆకలి లేదు, బ్రతుకవలెనని లేదు అని నోట మాట వచ్చినచో దానిని బెదిరింపుగా, నటనగా తీసికొనక వెంటనే వైద్యుని చూపింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అను నంబరు కలదు. రాత్రింబవళ్లు పలుకుదురు, రుసుము లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆ నంబరును ప్రతి విద్యార్థియు ఫోనులో ఉంచుకొనవలెను, తనకు కాకున్నను తన గది మిత్రునికై. మనస్సునకు వచ్చిన జబ్బునకు వైద్యుని వద్దకు వెళ్లుట భక్తిలోపము కాదు. జ్వరమునకు మాత్ర వేసికొనువాడు భక్తుడు కాకపోవునా?

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఫోను చేసినప్పుడు మొదటి ప్రశ్న మార్కులెన్ని అని ఉండవలదు. భోజనము చేసితివా, గదిలో తోడెవరు, ఈ వారము నీకు నచ్చిన పాఠమేది – ఇట్లు అడుగుడు. మార్కుల మాట తానుగా వచ్చును. తప్పితినని చెప్పగల ఇల్లు ఉన్న పిల్లవాడు మరల వ్రాసి గట్టెక్కును.

ఇంతవరకు పిల్లలకు, తల్లిదండ్రులకు చెప్పితిని. గింజలు ఏరుడని చెప్పుట సులువే. ముంగిట గింజలు ఉండవలెను గదా! అది మఠముల పని, కలిగిన ఇండ్ల పని.

మన పెద్దలు ఇది తెలిసినవారు. బెళగావి సీమలోని శిరసంగి లింగరాజ దేశాయి (1861–1906) తన సంస్థానపు ఆస్తిని విద్యార్థుల చదువునకై ధర్మముగా వ్రాసినాడు. 1904లో హానగల్ల కుమారస్వాములవారి ప్రేరణమున ధారవాడలో అఖిల భారత వీరశైవ మహాసభ ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడాయనే. బెంగళూరు రైల్వేస్టేషను ఎదుట 1903 నాటి సత్రమును కట్టించిన వర్తకుడు గుబ్బి తోటదప్ప విద్యార్థుల ఉచిత వసతికి కూడ తన సొమ్మును వినియోగించెను. 1916లో ఏడుగురు యువ ఉపాధ్యాయులు బెళగావిలో ఒక పాఠశాలను తెరచిరి. వారి చేత ధనము లేదు, చదువు మాత్రమే కలదు. వారు స్థాపించిన కర్ణాటక లింగాయత విద్యాసంస్థ, అనగా నేటి కె.ఎల్.ఇ., ఈనాడు ఎంత వృక్షమైనదో చెప్పనక్కరలేదు. ఆ ఏడుగురును జీతగాండ్రేయని ఉపాధ్యాయులమైన మేము కొంత గర్వముతోనే తలచుకొందుము.

తుమకూరు సిద్ధగంగామఠము మాట వేరు. డాక్టర్ శివకుమార స్వాములవారు బెంగళూరు సెంట్రల్ కాలేజీ విద్యార్థిగా నుండగా 1930లో విరక్తాశ్రమమును స్వీకరించి, 2019లో శివైక్యమగు వరకు అన్న, అక్షర, ఆశ్రయములను త్రివిధ దాసోహముగా నడపిరి. సుమారు పదివేలమంది పిల్లలు అచ్చట ఉచితముగా తిని, ఉండి, చదువుకొనుచున్నారు. పల్లెల రైతులు పంపిన ధాన్యము ఆ పొయ్యిని ఆరనీయలేదు. జంగమమూర్తి జోలె పట్టినను అది తనకై కాదు గనుక యాచన కాలేదు. ఆ పంక్తిలో కూర్చుండిన పిల్లవానిని నీ కులమేమని అడుగలేదు. ఈ చివరి మాటను మనలో కొందరు వినీ విననట్లుందురు. మన వసతిగృహములో మనవారే, అందులోను మన శాఖవారే ఉండవలెనని పట్టుబట్టువారు అనుభవమంటపమున ఎవరెవరు కూర్చుండిరో ఒకమారు లెక్కించి చూచుకొందురుగాక.

అన్ని మఠములును సిద్ధగంగ కాజాలవు. అయినను ఒక పల్లకికి వెండి తొడుగు వేయించు ఖర్చుతో నలుగురు పిల్లల మూడేండ్ల భోజనము గడచునని లెక్క కట్టుటకు గొప్ప గణితము అక్కరలేదు. జాతర వైభవము వలదని నేననను. జాతరలో ఒక దినపు హుండీని విద్యార్థులకని పెట్టినచో వైభవము తగ్గదని అందును. బాలికల విషయమున ఇది మరింత అవసరము. తమ్మునికి తోడుగా సంగమము దాక నడచిన నాగమ్మను పూజించు ఇండ్లలోనే, కూతురునకు పట్టణమున భద్రమైన వసతి దొరకలేదను కారణమున ఇంటరుతో చదువు మాన్పించుచున్నారు. ఒక మఠమునకు పట్టణమున రెండు గదులున్నను మొదట వానిని బాలికలకు ఇయ్యవలెను.

ధనము లేనివారు చేయగల దాసోహమును కలదు. పట్టణమున స్థిరపడిన కుటుంబములు, మీ పల్లెనుండి క్రొత్తగా వచ్చిన విద్యార్థిని నెలకొక ఆదివారము భోజనమునకు పిలువుడు. బ్యాంకు ఉద్యోగి దరఖాస్తు నింపుటకు ఒక సాయంకాలము కూర్చుండవచ్చును. పై తరగతి విద్యార్థి తన పాత పుస్తకములను క్రిందివానికి ఇచ్చి, ఏ అధ్యాపకుని ఏ వేళ కలియవలెనో చెప్పవచ్చును. విశ్రాంత ఉపాధ్యాయులు ఇంగ్లీషు వ్యాకరణమును వారమునకొక గంట చెప్పినచో ఆ మొదటి ఆరు మాసముల రేవులో మునుగువారు కొందరైన తేలుదురు.

ఈ పనికి సమితి, రసీదు పుస్తకము, అధ్యక్షోపన్యాసము అక్కరలేదు. వచ్చు సోమవారము మఠమునకు వెళ్లినప్పుడు మీ ఊరినుండి ఈ సంవత్సరము ఏ ఏ పిల్లలు ఏ ఏ కళాశాలలలో చేరుచున్నారో అయ్యగారిని అడిగి పేర్లు వ్రాసికొనుడు. వారిలో మొదటిసారి ఇల్లు విడుచువారెవరో గుర్తుపెట్టుకొనుడు. వారి బస్సు దిగు చోటికి ఎవరు వెళ్లగలరో ఆ సాయంకాలమే మాట్లాడుకొనుడు.